ఉద్యోగి రిలీవ్ అయ్యాడు, లాగిన్ ఉండిపోయింది

2021 మే 7న అమెరికాలో కలోనియల్ ఇంధన పైప్‌లైన్ సైబర్ దాడితో ఆగిపోయింది. టెక్సస్ నుంచి న్యూజెర్సీ దాకా సాగే సుమారు 8,850 కిలోమీటర్ల వ్యవస్థ అది. తూర్పు తీరం వాడే ఇంధనంలో దాదాపు 45 శాతం దాని ద్వారానే చేరుతుంది. ఆగ్నేయ రాష్ట్రాల్లో బంకుల ముందు కార్లు బారులు తీరాయి, చాలాచోట్ల పెట్రోలే దొరకలేదు. డార్క్‌సైడ్ అనే హ్యాకర్ల ముఠాకు కంపెనీ 75 బిట్‌కాయిన్లు సమర్పించుకుంది. అప్పటి ధరలో అది సుమారు 44 లక్షల డాలర్లు.

ఇంతకీ ముఠా దూరింది ఎటునుంచి? ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ అకౌంట్ నుంచి. వాడకం మానేశారు గానీ మూసేయడం మరిచారు. దాని పాస్‌వర్డ్ ఇంటర్నెట్‌లో లీకైన పాస్‌వర్డుల్లో కనిపించింది. ఓటీపీ లాంటి రెండో తనిఖీ కూడా ఆ అకౌంట్‌కు లేదు.

మైక్రోసాఫ్ట్ అంతటి సంస్థకూ ఇది తప్పలేదు. 2023 నవంబరు చివర్లో రష్యా గూఢచార బృందం అక్కడి ఓ పాత టెస్ట్ అకౌంట్ పాస్‌వర్డ్‌ను ఊహించి పట్టుకుని, పై అధికారుల ఈమెయిళ్ల దాకా వెళ్లింది. కంపెనీ పసిగట్టింది 2024 జనవరి 12న. సింగపూర్ కేసు ఇంకా విడ్డూరం. ఉద్యోగం పోయిన ఓ భారతీయుడు పాత అడ్మిన్ లాగిన్‌తోనే నెలల తర్వాత కూడా సిస్టమ్‌లోకి వెళ్తూ వచ్చాడు, కొన్నిసార్లు ఇండియా నుంచే. 2023 మార్చిలో 180 టెస్ట్ సర్వర్లను తుడిచిపెట్టాడు. అతనికి జైలుశిక్ష పడింది, సరే. మరి ఆ లాగిన్‌ను తెరిచి ఉంచినవాళ్ల మాటేమిటి?

తెలుగు రాష్ట్రాల్లోని కాలేజీలు, ఆసుపత్రులు, సహకార బ్యాంకులు, చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ నో డ్యూస్ ఫారాన్ని ఒకసారి తీసి చూసుకోవాలి. లైబ్రరీ సంతకం, స్టోర్స్ సంతకం, ఐడీ కార్డు, క్యాంటీన్ బాకీ అన్నిటికీ గడులుంటాయి. సర్వర్ అడ్మిన్ సంతకానికి గడి ఉందా? లేకపోతే వెంటనే చేర్చాలి. రిలీవ్ చేసిన రోజే లాగిన్ లాక్ కావాలి. ఇది మొదటి కోరిక.

రెండోది, మూడు నెలలకోసారి జాబితా. 90 రోజులుగా లాగిన్ కాని అకౌంట్లన్నీ కాగితం మీదికి రావాలి. ఈ గడువు గాల్లోంచి తెచ్చింది కాదు. కార్డు చెల్లింపుల భద్రతా ప్రమాణం పీసీఐ డీఎస్‌ఎస్ 90 రోజులే అంటోంది. సైబర్ భద్రతా సంస్థ సీఐఎస్ సూచనలైతే 45 రోజులకే మూయమంటాయి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు ఎలాగూ దాచాలి. దాచినవాటిని చదవడానికి కొత్త బడ్జెట్ ఏమీ అక్కర్లేదు.

చదవడంలో మాత్రం మెలకువ కావాలి. లినక్స్‌లో 'లాస్ట్‌లాగ్' ఎవరెప్పుడు చివరిసారి వచ్చారో చెబుతుంది. కానీ మెయిల్ మాత్రమే చూసుకునే యూజర్ అందులో 'ఎప్పుడూ లాగిన్ కాలేదు' అనే కనిపించవచ్చు, కాబట్టి మెయిల్ సర్వర్ లాగ్ కూడా చూడాలి. విండోస్ యాక్టివ్ డైరెక్టరీలో 'లాస్ట్ లాగాన్' ఏ డొమైన్ కంట్రోలర్‌కు (లాగిన్‌ను తనిఖీ చేసే సర్వర్‌కు) ఆ కంట్రోలర్‌లోనే నమోదవుతుంది. ఒక్కదాన్నే అడిగితే రోజూ వచ్చేవాడు కూడా ఏడాదిగా రానట్టు తేలవచ్చు. అన్నిటికీ చేరే 'లాస్ట్ లాగాన్ టైమ్‌స్టాంప్' రెండు వారాల దాకా వెనకబడి ఉంటుంది. 90 రోజుల లెక్కకు ఆ తేడా పెద్ద అడ్డు కాదు.

లాక్ చేశామని నిశ్చింతగా ఉండటానికీ లేదు. లినక్స్‌లో పాస్‌వర్డ్ ఒక్కటే లాక్ చేస్తే, పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి రానిచ్చేలా ఆ యూజర్ పెట్టుకున్న ఎస్‌ఎస్‌హెచ్ కీ చాలా సర్వర్లలో ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. అకౌంట్ గడువు కూడా ముగించాలి, వేళకు వాటంతటవే నడిచే క్రాన్ పనులు ఏమైనా మిగిలాయేమో చూడాలి. తొందరపడి డిలీట్ చేయడం ఇంకో తలనొప్పి. 1014 నంబరు యూజర్‌ను తీసేస్తే, అదే నంబరు రేపు చేరే కొత్త ఉద్యోగికి రావచ్చు. అప్పుడు సర్వర్‌లో మిగిలిన పాత ఫైళ్లన్నీ అతని పేరు మీదే కనిపిస్తాయి, అతనికే తెరుచుకుంటాయి.

అడ్మిన్లు వెనకాడటానికి కారణముంది. ఏదో తెలియని అకౌంట్ మూసిన రాత్రే జీతాల ప్రోగ్రామో బ్యాకప్పో ఆగితే తిట్లు తినేది వాళ్లే. పైగా జాబితాలోకి ప్రసూతి సెలవులో ఉన్న నర్సూ వస్తుంది, మనిషి లాగిన్ కాకుండా సాఫ్ట్‌వేరే వాడుకునే సర్వీస్ అకౌంటూ వస్తుంది. అందుకే ఈ భారం అడ్మిన్ ఒక్కడి మీద వేయకూడదు. ప్రతి అకౌంట్ పక్కన బాధ్యుడి పేరుండాలి. జాబితా విభాగాధిపతికి వెళ్లాలి, ఆయన వారంలోగా ఒక్కో పేరు ఎదుట 'ఉంచాలి' లేదా 'మూయాలి' అని రాసి సంతకం పెట్టాలి. ఎవరూ తమదనని అకౌంట్‌ను లాక్ చేసి నెల రోజులు చూడాలి. ఫిర్యాదు రాకపోతే ఫైళ్లు మరొకరి పేరుకు మార్చి, ఆ తర్వాతే తొలగించాలి. అడ్మిన్ హక్కులున్న అకౌంట్లతో మొదలుపెట్టి, తొలి జాబితాను ఈ త్రైమాసికంలోనే యాజమాన్యం ముందుంచాలి.