రోమ్‌లో వాన పడితే
రోమ్ వెళ్తున్నారా? కొలోసియం ఎలాగూ చూస్తారు, దాని గురించి నేను చెప్పేదేం లేదు. వాన పడే రోజు దొరికితే మాత్రం అన్నీ మానుకుని పాంథియన్‌కి వెళ్లండి. దాదాపు 1,900 ఏళ్ల కట్టడం. 43 మీటర్ల ఎత్తున, గుమ్మటం నడినెత్తిన మూతలేని గుండ్రటి కన్ను. చినుకులు అందులోంచి నేరుగా పాలరాతి నేల మీద రాలి, చిన్న చిన్న రంధ్రాల్లోకి జారిపోతుంటే ఎంతసేపైనా అలా నిలబడిపోవచ్చు. అక్కడికి దగ్గర్లోనే సాన్ లుయిజీ చర్చి. కారవాజియో సెయింట్ మాథ్యూ మీద గీసిన మూడు చిత్రాలూ ఎక్కడి కోసం గీశాడో అక్కడే ఉన్నాయి, టికెట్ కూడా లేదు. అన్నట్టు, నీళ్ల సీసాలు కొనకండి. వీధుల్లో ‘నాసోనీ’ అనే ఇనుప కుళాయిలుంటాయి. వంగిన గొట్టం మూతిని వేలితో మూస్తే, పైనున్న బెజ్జంలోంచి చల్లటి ధార ఎగిరి తిన్నగా నోటికందుతుంది.