కడిగావా రా?

మా చేను పుంగనూరు దగ్గర. టమాటా వెళ్లేది మదనపల్లె మార్కెట్‌కి. నేనేమో బెంగళూరులో కోడ్ రాసుకుంటుంటా. పోయిన కార్తీకంలో ముసురు పట్టి, కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, వాటిలో వలయాలు కనిపించాయి. ఆకుమాడు తెగులు. నాయనకి నడుంనొప్పి. "ఈసారి మందు నేను కొడతాలే" అని వారాంతంలో ఊళ్లో దిగిపోయా.

లెక్కలో తప్పు చేయలేదు. మాంకోజెబ్ 75 శాతం పొడి లీటరు నీటికి 2.5 గ్రాములు. అంటే 16 లీటర్ల ట్యాంకుకి 40. పొడిని నేరుగా ట్యాంకులో పోస్తే గడ్డలు కట్టి నాజిల్ మూసుకుపోతుంది. అందుకే బకెట్‌లో కొద్ది నీళ్లతో జారుగా కలిపి, సగం నిండిన ట్యాంకులోకి వడగట్టి, అప్పుడు నిండా నీళ్లు పోశా. గ్లవ్స్, మాస్కు కూడా వేసుకున్నా.

మరి తప్పెక్కడ? మా పంపు రిపేరులో ఉందని పక్క చేను మామని అడిగి తెచ్చా. ఆయన దాంతోనే మొక్కజొన్నలో కలుపుమందు కొట్టాడు, టూ ఫోర్ డి. నేను చెంబెడు నీళ్లు పోసి ఆడించి పారబోశా. "కడిగావా రా?" అన్నాడు నాయన. "కడిగా నాయనా" అన్నా.

కొద్దిరోజులకే చిగుళ్లు మెలిపడ్డాయి. కొత్త ఆకులు దారాల్లా సన్నబడ్డాయి. ఆ కలుపుమందు కొంచెం మిగిలినా టమాటా తట్టుకోదు. మొదటి ట్యాంకు పడిన సాళ్లన్నీ పోయాయి. నాయన తిట్టలేదు. "పంపు తెచ్చేటప్పుడు ఏం కొట్టారని అడగాలబ్బా" అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మా ఇంట్లో రెండు పంపులు. కలుపుమందు పంపుకి ఎర్ర పెయింటు గీత. రెండోదాన్ని మందు కొట్టిన ప్రతిసారీ మూడుసార్లు కడుగుతా. ఆ నీళ్లు పైపులోంచి, నాజిల్‌లోంచి కూడా బయటికి రావాల్సిందే. వాటిని మందు కొట్టిన చేలోనే కొడతా. బోరు దగ్గర పోయను, అక్కడి తొట్టిలో మా ఆవు నీళ్లు తాగుతుంది. నాజిల్ అడ్డుపడితే నోటితో ఊదను, పాత టూత్‌బ్రష్ ఉంది. ఆ రోజుకి ఎంత కావాలో అంతే కలుపుతా. ప్యాకెట్ మీది సూచనలు ముందే ఫొటో తీసుకుని చదువుకుంటా. కొట్టేటప్పుడు మాత్రం ఫోన్ ఇంట్లోనే. మందు చేత్తో పట్టుకున్న ఫోన్‌నే కదా తర్వాత చెవికి ఆనించేది!

మొన్న కుప్పం నుంచి మా అక్క వాట్సాప్ చేసింది. మిద్దె మీద పది కుండీల్లో టమాటా పెంచుతోంది, ఆకుల మీద అవే మచ్చలు. "రెండు లీటర్ల చేతి పంపుకి ఎంత వేయాలి రా?"

"5 గ్రాములు. కొట్టాక ఎన్ని రోజులు కాయ కోయకూడదో ప్యాకెట్ మీద చూసుకో. ఇంతకీ ఆ పంపులో ఇంతకుముందు ఏం పోశావు?"

కాసేపు 'టైపింగ్' అని కనిపించి ఆగింది. మళ్లీ కనిపించింది.

"ఫినాయిల్."

కొత్తది కొనుక్కోమన్నా.