నిధుల్లేవనే సాకు ఇంకెన్నాళ్లు?

ఏ చిన్న పట్టణంలోనైనా మున్సిపల్ అధికారిని అడిగి చూడండి. ‘మురుగంతా నేరుగా ఏట్లో కలుస్తోంది, ఏం చేస్తున్నారు?’ అంటే వచ్చే జవాబు ఒకటే: ‘నిధుల్లేవమ్మా!’ విగ్రహాలకూ, స్వాగత తోరణాలకూ దొరికే నిధులు మురుగు కాలువ దగ్గరికొచ్చేసరికి ఎందుకు మాయమవుతాయో మాత్రం ఎవరూ చెప్పరు.

ఈ సాకు చెల్లదని సుప్రీంకోర్టు 1980లోనే తేల్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణంలో ఒక వార్డు ప్రజలు మేజిస్ట్రేటును ఆశ్రయించారు. వీధిలో పారే మురుగు, సారా ఫ్యాక్టరీ వదిలే కంపు నీళ్లు, మరుగుదొడ్లు లేక పేదలు రోడ్డు పక్కనే కూర్చోవాల్సిన దుస్థితి - ఇవీ వాళ్ల ఫిర్యాదులు. బాగుచేయమని మేజిస్ట్రేటు ఆదేశిస్తే, ఆ పని మానేసి మున్సిపాలిటీ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డబ్బు లేదన్నది దాని వాదన. జస్టిస్ కృష్ణయ్యర్, మన తెలుగువాడైన జస్టిస్ చిన్నపరెడ్డి ఆ వాదనను కొట్టేశారు. ప్రజారోగ్యాన్ని కాపాడటం మున్సిపాలిటీ ప్రధాన బాధ్యత, ఖజానా ఖాళీ అని తప్పుకోవడానికి వీల్లేదన్నారు.

2017లో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది: మూడేళ్లలో మురుగునీటి శుద్ధి కేంద్రాలు కట్టి తీరాలని. గడువు 2020లో ముగిసింది. ఆ తర్వాత 2021లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన లెక్క చూడండి. దేశంలోని పట్టణాల్లో రోజుకు పుట్టే మురుగు 72,368 మిలియన్ లీటర్లు. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236. మిగిలిందంతా ఎక్కడికి పోతోంది?

కట్టిన చోట కూడా పని జరుగుతోందా అన్నది వేరే ప్రశ్న. శిలాఫలకం వేసినంత మాత్రాన నీళ్లు శుభ్రపడవు. మురుగును తినేవి సూక్ష్మజీవులు. వాటికి గాలి అందాలంటే యంత్రాలు రాత్రీపగలూ తిరగాలి. కరెంటు ఆగితే అవి చస్తాయి, మురుగు వచ్చింది వచ్చినట్టే నదిలోకి పోతుంది. ఇళ్ల నుంచి పైపులు కలపకుండా కేంద్రం ఒక్కటీ కట్టినా ఫలితం అంతే. కట్టడంలో కాంట్రాక్టరుకు లాభం, ప్రారంభోత్సవంలో నాయకుడికి ఫొటో. నడపడంలో వీళ్లెవరికీ ఒరిగేది లేదు గనుక దాన్ని పట్టించుకునే నాథుడు లేడు.

మరి నష్టం ఎవరికి? ఏటి నీళ్లు పాడైతే బిందె పట్టుకుని దూరం నడిచేది ఆడది. క్యాను నీళ్లు కొనడానికి తన తిండిలో కోత పెట్టుకునేది ఆమే. బిడ్డకు విరేచనాలు పట్టుకుంటే కూలి పోగొట్టుకుని ఆస్పత్రిలో కూర్చునేది ఆమే. హైదరాబాదు మురుగు మోసే మూసీ కింద ఆ నీళ్లలోనే నిలబడి వరి నాట్లు వేసేదీ ఆమే. మున్సిపాలిటీ మిగుల్చుకున్నానని చెప్పే ప్రతి రూపాయీ ఈ జీతం లేని శ్రమలోంచి వసూలైనదే. ఇక రక్షణ లేకుండా మ్యాన్‌హోల్లోకి మనుషుల్ని దించడాన్ని 2013 చట్టం నిషేధించినా చావులు ఆగలేదు. చచ్చేది ఎక్కువగా దళితులు, మిగిలేది వాళ్ల భార్యాబిడ్డలు.

74వ రాజ్యాంగ సవరణ మున్సిపాలిటీల్లో మూడో వంతు సీట్లకు తగ్గకుండా మహిళలకు కేటాయించింది. ఆ సీట్లలో కూర్చున్న అక్కచెల్లెళ్లు సంతకాలకే పరిమితం కాకూడదు. శుద్ధి కేంద్రం రోజుకు ఎన్ని గంటలు నడిచింది, నదిలోకి వదిలిన నీటి పరీక్షలో ఏం తేలింది - ఈ లెక్కలు ప్రతి నెలా మున్సిపల్ ఆఫీసు బయట బోర్డు మీద రాయించాలి. మురుగు పనికి యంత్రాలు కొనిపించాలి. వినకపోతే రత్లాం ప్రజల దారి మనకూ ఉంది. వాళ్లు వాడుకున్న పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను 2024 జూలై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షనుగా అమల్లో ఉంది. వార్డులోని ఆడవాళ్లంతా కలిసి ఒక అర్జీ రాసి ఆర్డీఓ ముందు పెట్టండి.

నిధుల్లేవంటే, రత్లాం తీర్పు కాపీ చేతికివ్వండి. శుభ్రమైన నది మనం అడుక్కునే భిక్ష కాదు, మనకు రావలసిన బాకీ.