లెక్కలు బస్సుకేనా?

'నష్టాల్లో ఆర్టీసీ.' మన పత్రికల్లో ఈ హెడ్డింగు ఎన్నేళ్లయినా అరగదు. 'నష్టాల్లో బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్' అని మాత్రం నేనింతవరకు ఎక్కడా చదవలేదు. విజయవాడలో దుర్గగుడి దగ్గర ఫ్లైఓవర్ 2020 అక్టోబరులో తెరిచారు. అది ఇప్పటిదాకా ఎంత సంపాదించిందని ఎవరైనా అడిగారా? అడగరు. రోడ్డు మీద పెడితే అభివృద్ధి, బస్సు మీద పెడితే నష్టం. ఖజానా ఒకటే, పన్ను కట్టే జనమూ ఒకటే, మాటలు మాత్రం రెండు. ఒక్క పదం కోసం రాత్రంతా కొట్టుకునే సాహిత్య జీవులం మనం. ఈ రెండు పదాల జోలికి మాత్రం పోము.

ఈ 'నష్టం' పుట్టిల్లు 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం. అందులో 18వ సెక్షన్, జనానికి సరిపడా, సమర్థంగా, పొదుపుగా బస్సులు నడపడం సంస్థ బాధ్యత అంటుంది. కాస్త కిందికొస్తే 22వ సెక్షన్, వ్యాపార సూత్రాల ప్రకారం నడుచుకోవాలంటుంది. ఒకే ఒరలో రెండు కత్తులు. ఏ కత్తి నిలిచిందో ఏ డిపోలో అడిగినా చెబుతారు. అజిత్‌సింగ్ నగర్‌లో జనం స్టాపులో ఎంతసేపు నిలబడ్డారన్నది లెక్కలోకి రాదు. ఈపీకే వస్తుంది. అంటే కిలోమీటరుకి రాబడి.

రాబడి తగ్గిన రూట్లో రెండు ట్రిప్పులు తీసేస్తారు. పది నిమిషాలకోటి వచ్చే బస్సు అరగంటకోటి అవుతుంది. అరగంట ఎండలో ఎవరు నిలబడతారు? ఓపిక లేనివాళ్లు షేర్ ఆటో ఎక్కుతారు, అప్పు పుట్టినవాళ్లు స్కూటీ కొంటారు. రాబడి ఇంకా తగ్గుతుంది. మరో రెండు ట్రిప్పులు పోతాయి. చివరికి "ఈ రూట్లో జనం లేరండీ" అని తేలుస్తారు. జనం ఎక్కడికీ పోలేదు. ఏలూరు రోడ్డు మీద ముగ్గురు పట్టే ఆటోలో ఎనిమిదిమంది ఉన్నారు, డ్రైవరు పక్కన సగం ఒళ్లు బయటపెట్టి ఇద్దరు. ఆటోవాళ్ల తప్పేం లేదు. మనం ఖాళీ చేసిన జాగాలో వాళ్లు బతుకుతున్నారు, అంతే.

ఒక చిన్న లెక్క వేద్దాం. నగరాల్లో వెయ్యిమందికి కనీసం 0.6 బస్సు ఉంటే సేవ బాగున్నట్టని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణం. 2011 నాటికే పది లక్షలు దాటిన విజయవాడకి అంటే 600. కొత్త ఎలక్ట్రిక్ బస్సు కోటిన్నర అనుకున్నా 900 కోట్లు. ఇప్పుడు మెట్రో సంగతి చూడండి. 2014 విభజన చట్టంలో ఆ మాట ఎక్కింది మొదలు దాని నివేదికలు తిరుగుతూనే ఉన్నాయి. తొలిదశ 38.4 కిలోమీటర్లకి అంచనా 11,009 కోట్లు. కిలోమీటరుకి 286 కోట్లు. ఊరికి కావలసిన బస్సులన్నీ కొన్నా మూడు కిలోమీటర్ల మెట్రో ఖర్చు దాటి కాస్త అవుతుంది. నడిపే ఖర్చో? కిలోమీటరుకి అరవై రూపాయలు వేసుకుని ఒక్కో బస్సు రోజుకి 200 కిలోమీటర్లు తిప్పితే, ఒక్క టికెట్టూ కొట్టకపోయినా, ఏడాదికి 263 కోట్లు. మెట్రో ఒక్క కిలోమీటరుకి కూడా సరిపోని డబ్బు. మెట్రో వద్దనను. వచ్చేలోపు ఈ ఊళ్లో ఒక తరం ముసలిదైపోతుందని మాత్రం అంటాను.

బస్సుకి ఒకసారి డబ్బు రాకపోలేదు. సత్యనారాయణపురం దగ్గర బీఆర్‌టీఎస్ రోడ్డు చూశారుగా. జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం రోజుల్లో మధ్యలో బస్సుల కోసమే దారులు వేశారు. కాంక్రీటుకి డబ్బుంది, అందులో రెండు నిమిషాలకో బస్సు తిప్పడానికి లేదు. బస్సులు రాలేదు, పేరు మిగిలింది. విశాఖ పెందుర్తి, సింహాచలం దారుల్లోనూ ఇదే కథ. ప్రారంభోత్సవానికి రిబ్బను కావాలి. మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి రావలసిన ట్రిప్పుకి ఎవరు రిబ్బను కడతారు?

ఇక ఉచితం. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రలో 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి బస్సు ఉచితమైంది. అప్పట్నుంచీ మన బుద్ధిజీవుల ఫోన్ల నిండా సీటు కోసం జుట్లు పట్టుకునే వీడియోలే. ఎగతాళి చేసేవాళ్లలో ఎక్కువమంది బస్సెక్కి ఎన్నేళ్లయిందో. ఆ తోపులాటలో నాకు కనిపించేది ఒక్కటే. ఇన్నాళ్లూ ఇరవై రూపాయలకి వెనకాడి ఆగిపోయిన ప్రయాణాలు ఇన్ని ఉన్నాయన్నమాట.

కానీ పథకం లెక్క నాకు నచ్చదు. జీరో టికెట్టు కొట్టేది ప్రభుత్వం నుంచి ఆ సొమ్ము రాబట్టడానికి. అంటే ఉన్న బస్సులోనే ఎంతమందిని కుక్కితే అంత లెక్క. పక్కన ఇంకో బస్సు వేస్తే ఖర్చు పెరుగుతుంది, టికెట్లు అంతగా పెరగవు. డబ్బు ఇవ్వవలసింది టికెట్టుకి కాదు, తిరిగిన కిలోమీటరుకి. పాయకాపురానికి రాత్రి పదిన్నర దాకా పావుగంటకో బస్సు కావాలని ఊరు ముందే నిర్ణయించి, ఆ కిలోమీటర్లు కొనాలి. ఎక్కినవాళ్లు పదిమందైనా ఆ బస్సు కదలాలి. వీధి దీపం కింద ఎంతమంది నడిచారో లెక్కపెట్టి కరెంటు కడుతున్నామా?

డబ్బెక్కడిదంటారు. ఫ్రాన్సులో పదకొండుమంది లేదా అంతకు మించి పనివాళ్లున్న యజమానులు జీతాల మీద కొంత శాతం రవాణాకి కడతారు. 1971లో పారిస్‌లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. ఉద్యోగులు వేళకి రావడం వల్ల లాభం ఎవరికో వాళ్లకి తెలుసు. బీసెంట్ రోడ్డు, బందరు రోడ్డు బట్టల దుకాణాలు రాత్రి మూసేసరికి సేల్స్‌ గర్ల్స్ ఎలా ఇంటికెళ్తారో యజమానులకి పట్టదు. పట్టేలా చేయాలి. అంతకన్నా ముందు పార్కింగు. గవర్నర్‌పేటలో గజం జాగా రేటు కనుక్కోండి. అదే వీధిలో కారు పొద్దంతా ఎంత జాగాలో ఊరికే పడుంటుందో చూడండి. ఉచితాల మీద ఉపన్యాసం అక్కడ మొదలుపెడితే వింటాను.

ఎవరు కట్టాలన్న దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. హైదరాబాదులో సిటీ బస్సుల నష్టాలు జీహెచ్‌ఎంసీ భరించాలని అనుకున్నారు. కొన్నాళ్లు ఇచ్చి ఆపేసింది. 2019 సమ్మె నాటికి ఆ బాకీ హైకోర్టు దాకా వెళ్లింది, మాకు ఆ బాధ్యత లేదంది కార్పొరేషను. నష్టం భర్తీ అంటే ఇంతే, ఎవరైనా చేతులు దులుపుకోవచ్చు. కిలోమీటర్లు కొంటానని ఒప్పందం మీద సంతకం పెట్టినవాడు అలా దులుపుకోలేడు. విజయవాడలో ఆ సంతకం పెట్టవలసిందీ కార్పొరేషనే. కుళాయి రాకపోతే కార్పొరేటరు ఇంటికెళ్లి అరుస్తాం, బస్సు రాకపోతే స్టాపులో మనలో మనమే గొణుక్కుంటాం. 2021 మార్చిలో జరిగిన మున్సిపల్ ఎన్నికల్లో కాలువలూ చెత్తా పన్నూ వినిపించాయి. ఈసారి ఓటుకి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి అడగండి, బీసెంట్ రోడ్డు నుంచి పాయకాపురానికి ఆఖరి బస్సు ఎన్నింటికో.