మర్యాద సరే, పేరు మాటేమిటి?

గోదావరి జిల్లాల మర్యాద గురించి రాష్ట్రమంతా కథలుగా చెప్పుకుంటారు. మాట చివర "అండీ" లేకుండా పలకరించరనీ, ఇంటికొచ్చిన మనిషిని తినకుండా పంపరనీ అంటారు. ఆ మర్యాదలో ఎవరూ పెద్దగా పట్టించుకోని భాగం ఒకటుంది. తనకి తెలిసిన పనిని పక్కింటి స్త్రీ అడగ్గానే కూర్చోబెట్టి నేర్పడం, దానికి ఏమీ పుచ్చుకోకపోవడం. కోనసీమలో, ముఖ్యంగా రాజోలు, అమలాపురం చుట్టుపక్కల, లేసు అల్లిక ఇన్ని తరాలు నిలవడానికి స్త్రీల మధ్య వున్న ఈ మర్యాద ఒక ముఖ్య కారణం. అయితే అది ఆ స్త్రీలకి ఏం మిగిల్చిందన్నది నా ప్రశ్న. సరదా కోసం అల్లేవాళ్ల మధ్య ఇవాళ "ఎవరి డిజైను వాళ్ల పేరుతో చెప్పాలి" అనే నియమం బలపడుతోంది కనక ఈ ప్రశ్న వేసుకోవడం మరీ అవసరమని నా అభిప్రాయం.

ముందు ఈ పని గురించి రెండు మాటలు. కొక్కెం వున్న చిన్న సూదితో, ఒకే దారాన్ని గొలుసులుగా వేస్తూ అల్లే ఈ లేసు మన దగ్గర పుట్టింది కాదు. 19వ శతాబ్దం మధ్యకాలంలో గోదావరి డెల్టాకి వచ్చిన క్రైస్తవ మిషనరీ కుటుంబాల స్త్రీలు ఇక్కడి పేద స్త్రీలకి నేర్పారు. దాదాపు అదే రోజుల్లో, 1845లో మొదలైన కరువు కాలంలో, ఐర్లండులో పేద స్త్రీలకి కూడా ఇదే పనిని బతుకుతెరువుగా నేర్పారు. ఇక్కడ నర్సాపురం కేంద్రంగా ఎగుమతి వ్యాపారం పెరిగింది. వశిష్ఠ గోదావరికి ఆ ఒడ్డున నర్సాపురం, ఈ ఒడ్డున సఖినేటిపల్లి. దారం ఉండలు రేవు దాటి ఇటు వచ్చాయి, అల్లిన ముక్కలు రేవు దాటి అటు వెళ్లాయి. అందువల్ల రాజోలు వైపు స్త్రీలు అల్లినదానికి కూడా నర్సాపురం లేసు అనే పేరే స్థిరపడింది.

రాజోలు దగ్గర లంక గ్రామాల్లో పనిచేసినప్పుడు ఈ నేర్పడం, నేర్చుకోవడం ఎలా జరుగుతాయో దగ్గరగా చూసే అవకాశం నాకు దొరికింది. మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక, రాత్రి వంట మొదలయ్యేలోపు నలుగురైదుగురు ఒక అరుగు మీద చేరతారు. వాళ్ల దగ్గర కాగితం మీద రాసిన డిజైను ఏదీ వుండదు. ఏజెంటు ఇచ్చిన నమూనా ముక్కని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని ఖాళీలు లెక్కపెట్టుకుంటారు. లెక్క అందనివాళ్లకి అందినవాళ్లు చెబుతారు. మాటల్లో అర్థం కాకపోతే తను అల్లిన వరసలు విప్పేసి, అవతలి మనిషి కళ్లముందు మళ్లీ అల్లి చూపిస్తారు. ముక్కల లెక్కన కూలి వచ్చే పనిలో అల్లినదాన్ని విప్పడమంటే ఆ పూట కూలిలో కొంత వదులుకోవడమే. నేర్పినందుకు డబ్బు పుచ్చుకుంటారా అని అడిగితే అందరూ నవ్వేశారు. ఒకావిడ మాత్రం, "రేపు మా పిల్లకి ఆవిడ చెప్పదాండీ" అంది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడానికి రాయని నియమాలు కూడా వున్నాయి. అడక్కుండా ఒకరి పనిలో తప్పు ఎత్తిచూపకూడదు. ఒకరు కొత్తగా కట్టిన పువ్వుని వాళ్లకన్నా ముందు ఇంకొకరు తీసుకెళ్లి ఏజెంటుకి చూపించకూడదు. ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పుకోవాలి. ఇది ఫలానా పెద్దమ్మ పువ్వు అని ఆ వీధిలో అందరికీ తెలుసు. కానీ ఆ పువ్వు ఏజెంటు సంచిలో పడి ఊరు దాటాక పెద్దమ్మ పేరు దానితో వెళ్లదు. అక్కడ దానికి ఒక నంబరు వేస్తారు. విదేశంలో దాన్ని కొన్నవాళ్లకి అది చేతి అల్లిక అని తెలుస్తుంది గాని ఎవరి చెయ్యో తెలియదు.

ఇక రెండో ప్రపంచం చూద్దాం. హైదరాబాదులోనూ, విశాఖలోనూ, అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ సరదాగా అల్లే స్త్రీలు ఇవాళ చాలామంది వున్నారు. వాళ్లు ఫోన్లలో బృందాలుగా ఏర్పడి ఒకరికొకరు నేర్పుకుంటున్నారు. అందులో నాకు తెలిసినవాళ్లు వున్నారు, వాళ్ల పద్ధతి పట్ల నాకు గౌరవం వుంది. డిజైను రాసినవాళ్ల పేరు చెప్పాలి, డబ్బు పెట్టి కొన్న డిజైనుని నలుగురికీ పంచిపెట్టకూడదు, కొత్తగా నేర్చుకునేవాళ్లని ఎగతాళి చెయ్యకూడదు, అడిగింది తెలిస్తే చెప్పాలి, చెప్పినవాళ్లకి కృతజ్ఞత తెలపాలి. చదువుకున్న స్త్రీల నైపుణ్యాన్ని కూడా "ఏదో ఆడవాళ్ల కాలక్షేపం" అని కొట్టిపారేసే సమాజంలో ఇలాంటి నియమాలు పెట్టుకోవడం మంచి విషయమే. చిక్కు ఎక్కడ వుందంటే, ఈ నియమాలన్నీ డిజైను అనేది ఎవరో ఒకరు కాగితం మీద రాసిపెట్టిన వస్తువు అనే ఊహ మీద నిలబడ్డాయి. రాసినవాళ్లకి పేరు వుంటుంది. చేతుల్లోనూ జ్ఞాపకంలోనూ దాచుకున్న స్త్రీకి వుండదు. లంక గ్రామంలో ఒక ముసలావిడ పక్కన గంటసేపు కూర్చుని, ఆవిడ చేతులు ఫోనులో తీసుకుని వెళ్లి, "సంప్రదాయ గోదావరి అల్లిక" అని చెప్పడం ఎవరికీ అమర్యాదగా తోచదు. అదే పువ్వుని కాగితం మీద గీసి తన పేరు పెట్టుకున్నావిడ దగ్గర్నించి తీసుకుంటే మాత్రం దొంగతనం అవుతుంది.

ఈ తేడాకి మూలం "తీరికవేళ పని" అన్న మాటలో వుందని నేననుకుంటున్నాను. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో నర్సాపురం ప్రాంతంలో పరిశోధన చేసి 1982లో "ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్" అనే పుస్తకం ప్రచురించారు. 2023లో ఆమె మరణించారు గాని ఆమె ఎత్తిచూపిన విషయం ఇంకా బతికే వుంది. అప్పటికి లక్షకి పైగా స్త్రీలు ఈ పనిలో వున్నారని ఆమె అంచనా. ఇంటిపని అంతా చేసుకుంటూనే రోజుకి 6 నుంచి 8 గంటలు అల్లినా చేతికి రూపాయి కూడా వచ్చేది కాదు. అంత తక్కువ కూలి ఇవ్వడం ఎలా సాధ్యమైంది? వ్యాపారులూ అధికారులూ, చివరికి ఆ ఇళ్లలోని మగవాళ్లూ దాన్ని గృహిణులు ఖాళీగా వున్నప్పుడు చేసుకునే పనిగా చూశారు. కార్మికురాలు కాదు గనక కనీస వేతనం ప్రశ్న రాలేదు. అమలాపురం పక్కనున్న బండారులంక నేతలో కూడా ఇదే చూస్తాం. మగ్గం మీద కూర్చున్న పురుషుడు నేతగాడు, పొద్దుటినుంచి కండెలు చుట్టే భార్య అతనికి "సాయం" చేసేది.

అభిరుచిగా అల్లే స్త్రీకి తీరిక నిజంగా వుంది, అది ఆమె సంపాదించుకున్న స్వేచ్ఛ. కూలికి అల్లే స్త్రీకి తీరిక అనేది ఆమె మీద మోపిన అబద్ధం. ఒకే సూది, ఒకే దారం, ఒకే పువ్వు. ఒకచోట అది సృజన అయింది, ఇంకోచోట అది పనే కాకుండా పోయింది.

వ్యాపారం ఇంకో పని కూడా చేసింది. అల్లికని ముక్కలుగా విడగొట్టింది. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని అతికేది ఇంకొకరు, అంచులు పూర్తిచేసేది మరొకరు. పువ్వు అల్లే స్త్రీ చాలాసార్లు తను అల్లింది దిండుగలీబు మీదకి వెళ్తుందో, బల్లగుడ్డ మీదకి వెళ్తుందో కూడా చూడదు. మొత్తం తెలిసింది వ్యాపారికి మాత్రమే. అరుగు మీద ఆడవాళ్లు తమకి తెలిసిన ముక్కని ఎంత ఉదారంగా పంచుకున్నా, ధర ఎంత, ఎవరు కొంటారు, ఎక్కడికి పోతుంది అనే జ్ఞానం మాత్రం ఆ అరుగు మీదకి రాలేదు. పంచుకోవడం అనే మర్యాద కిందినుంచి పైకి నడిచింది, పైనుంచి కిందికి నడవలేదు.

మర్యాదకి తెలుగులో పరువు అనే అర్థం కూడా వుంది. దాన్ని పక్కనపెట్టి ఈ చర్చ చెయ్యలేం. మిషనరీల దగ్గర మొదట నేర్చుకున్నవాళ్లు క్రైస్తవంలోకి మారిన దళిత స్త్రీలు. మీస్ వెళ్లేనాటికి అల్లేవాళ్లలో ఎక్కువమంది కాపు స్త్రీలు. పొలం పనికి వెళ్తే పరువు పోతుందనీ, ఇంట్లో కూర్చుని అల్లుకుంటే నిలుస్తుందనీ ఆ కుటుంబాలు భావించాయి. పొలానికి వెళ్లిన దళిత స్త్రీ కూలి లేసు కూలికన్నా ఎక్కువని కూడా ఆమె గమనించారు. పరువు ఖరీదు ఆ స్త్రీల కూలిలోంచే పోయిందన్నమాట. నేను తిరిగిన ఊళ్లలో ఈ పని ఎలా వచ్చిందని అడిగితే దొరసానుల ప్రస్తావన వస్తుంది గాని, మధ్యలో వున్న దళిత స్త్రీల ప్రస్తావన రాదు. ఎవరి అరుగు మీద ఎవరు కూర్చోవచ్చన్నది ఇప్పటికీ కులమే నిర్ణయిస్తోంది. నేర్పినావిడ పేరు చెప్పుకోవాలనే నియమం కులం గీత దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. స్త్రీలుగా మనం మన మర్యాదని మెచ్చుకునేముందు ఈ సంగతి ఒప్పుకోవాలి.

2024లో నర్సాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. పశ్చిమ గోదావరితోపాటు కోనసీమలోని రాజోలు, అమలాపురం ప్రాంతాలు కూడా దాని పరిధిలో వున్నాయి. అది సీతారామపురంలోని లేసు సహకార సంఘాల సమాఖ్య పేరు మీద రావడం సంతోషించాల్సిన విషయమే. ఆ సందర్భంలో పత్రికల్లో వచ్చిన లెక్క ప్రకారం ఈ పని మీద ఆధారపడినవాళ్లు సుమారు 15 వేల మంది స్త్రీలు. నాటి లక్షతో పోల్చితే ఎంతమంది తప్పుకున్నారో తెలుస్తుంది. వాళ్లలో కొందరు గల్ఫ్ దేశాలకి ఇంటిపనికి వెళ్లారు. అక్కడ పాచిపని చేస్తే వచ్చే జీతం ఇక్కడ తరతరాల నైపుణ్యానికి రావడం లేదు.

జీఐ గుర్తింపు అల్లే స్త్రీకి పేరు తెస్తుందా? 1999లో వచ్చిన ఆ చట్టంలో "ఉత్పత్తిదారు" నిర్వచనం చూడండి. చేతివృత్తుల విషయంలో వస్తువు తయారుచేసేవాళ్లే కాదు, దాని వ్యాపారం చేసేవాళ్లు కూడా ఉత్పత్తిదార్లే. ఉత్పత్తిదారు ఎవరైనా అధీకృత వినియోగదారుగా నమోదు కావచ్చు. దరఖాస్తు నింపగలిగిన వ్యాపారి ముందు నమోదవుతాడు. దారం పట్టుకున్న స్త్రీ ఆ మాటే వినివుండదు. నమోదు చేసేవాళ్లు పూనుకోకపోతే ఊరి పేరుకి రక్షణ దొరుకుతుంది గాని మనిషి పేరు మళ్లీ మరుగున పడుతుంది. ఇంటిదగ్గర పనిచేసే కార్మికుల హక్కుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒడంబడిక తెచ్చింది. మన దేశం దాన్ని ఇంతవరకు ఆమోదించలేదు.

అయితే స్త్రీలు ఒకరికొకరు నేర్పుకోవడం మానెయ్యాలా? తమ పువ్వులు దాచుకోవాలా? నేను అలా అనుకోవడం లేదు. కొందరు మిత్రులు డిజైన్లకి హక్కులు రాయించుకోవాలంటున్నారు. ఒక పువ్వు పెద్దమ్మది, దాని చుట్టూ అంచు పక్కింటి వదినది, రెండింటినీ కలిపింది కోడలు. హక్కు ఎవరికి రాస్తాం? అలా రాయడం మొదలుపెడితే ముందు తెగేది అరుగు మీది స్నేహమే. ఆ స్త్రీలకి వున్న ఒకే ఒక్క బలం అది. కంచె వెయ్యాల్సింది పక్కింటావిడకీ మనకీ మధ్య కాదు. నమూనా తీసుకుని నంబరు వేసే చోట మనం నిలబడి అడగాలి.

ఏం అడగాలి? జీఐ కింద అధీకృత వినియోగదార్లుగా అల్లే స్త్రీలని వాళ్ల సొంత పేర్లతో, భర్త పేరుతో కాకుండా, మండలాలవారీగా నమోదు చెయ్యాలి. ఖర్చు ప్రభుత్వం భరించాలి. రాజోలు, అమలాపురం మండలాలు నదికి ఇవతల వున్నాయని వెనకపడకూడదు. నమూనాలన్నిటినీ ఒకచోట చేర్చి, ఎవరు కట్టారో, ఏ ఊరో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసిపెట్టాలి. ఒకరికన్నా ఎక్కువమంది పేర్లు వుంటే అన్నీ రాయాలి. ప్రతి నమూనాకీ కూలి ఎంతో, అమ్మకం ధర ఎంతో అల్లేవాళ్లకి తెలియాలి.

అభిరుచిగా అల్లే స్త్రీలు కూడా తమ నియమాల్లో ఇంకొకటి చేర్చుకోవాలి. కాగితం మీద రాసినవాళ్లకి ఇచ్చే గౌరవమే చేతితో చూపించినవాళ్లకీ ఇవ్వాలి. ఫోనులో తీసేముందు అడగాలి, ఆవిడ సరేనంటే పేరూ ఊరూ చెప్పాలి, వద్దంటే ఊరుకోవాలి. నేర్చుకున్న గంటకి డబ్బు ఇవ్వాలి. వాళ్లలో వాళ్లు డబ్బు పుచ్చుకోరు గదా, మనం మాత్రం ఎందుకివ్వాలని ఎవరైనా అనవచ్చు. వాళ్లలో వాళ్లకి ఆ రుణం రేపు తీరుతుంది. మనం మళ్లీ ఆ అరుగు మీదకి వెళ్లి ఎవరికీ నేర్పం.

ఇది పరిశోధకులకి కూడా వర్తిస్తుంది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర"లో తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ పేర్లతో, తమ మాటల్లో మాట్లాడారు. చేతిపనుల మీద వచ్చే పరిశోధనల్లో మాత్రం నేర్పినావిడ ఇంకా "ఒక కార్మికురాలు"గానే మిగిలిపోతోంది. భద్రత కోసం పేరు దాచాల్సిన సందర్భాలు వుంటాయి, కాదనను. ఆవిడ చెప్పమన్నప్పుడు కూడా దాచడం ఏ పరిశోధనా నీతి?

ఈ విషయాల మీద పట్టణాల్లోని అల్లిక బృందాలూ, కోనసీమ గ్రామాల్లోని లేసు స్త్రీలూ ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలని నా కోరిక. రాజోలులోనో, అమలాపురంలోనో ఆ సమావేశం పెట్టుకుందాం. అల్లే స్త్రీలకి ఆ రోజు కూలి పోకుండా ముందే ఏర్పాటు చేసుకుని మరీ పెట్టుకుందాం.