రోగి చెంతనుండు సోదరి

మన యిండ్లలో నెవరికైన జబ్బుచేసి ఆసుపత్రిలో చేర్చినప్పుడు వైద్యుడు దినమునకొకటి రెండుమారులు వచ్చి చూచిపోవును. రేయింబవళ్లు రోగిని కనిపెట్టుకొని యుండునది నర్సు. ఆమె యొక రాత్రివేళ “జ్వరము హెచ్చలేదు, నాడి సరిగనే యున్నది; అయినను ఈ రోగి వాలకము నాకు నచ్చుటలేదు” అనినచో వట్టి యనుమానమని త్రోసిపుచ్చువారే పెక్కుమంది. అది తగదని మా యభిప్రాయము.

ఇది సోదె చెప్పుట కాదు. బిడ్డ యేడుపు విని, ఆకలియో కడుపునొప్పియో తల్లి చెప్పగలుగుట యెట్లో యిదియు నట్లే. పలువురు రోగులను చూచిన కన్ను ఊపిరిలోని స్వల్పభేదమును, మేనివన్నెలోని మార్పును, మాటలోని తడబాటును ఇట్టే పట్టుకొనును. క్రొత్త నర్సు సూత్రములను బట్టి నడచుననియు, అనుభవము గడించిన నర్సు రోగిస్థితి నంతటిని ఒక్కచూపున గ్రహించుననియు అమెరికాదేశపు నర్సు పట్రీషియా బెన్నరు 1984లో ప్రకటించిన గ్రంథమున వివరించెను. 2015లో హాలెండు పరిశోధకులు పూర్వపరిశీలనలను సమీకరించి, నర్సులకు రోగినిగూర్చి కలుగు చింతకు మూలమగు గురుతులను పది తరగతులుగా ఏర్పరచిరి. నాడి, రక్తపుపోటు మున్నగువాని అంకెలు మారకముందే ఆ గురుతులు పొడసూపవచ్చునని వారు తెలిపిరి.

అయితే మనసునకు తోచినంతమాత్రమున నర్సు తానై మందు మార్పరాదు. మరల నాడి చూచి, ఊపిరులు లెక్కించి, వైద్యునికి నిర్భయముగ తెలుపవలెను. వైద్యుడును విసుగుకొనక వచ్చి చూడవలెను.

అట్టి కన్ను ఒక్కనాట అలవడునది కాదు, ఏండ్లు పట్టును. జీతము చాలక ఆ యేండ్లు నిండకముందే నర్సు పని విడిచిపోయినచో నష్టపడునది రోగియే. ఉన్నవారిపై పని పెరిగినను ముప్పే. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు ఆసుపత్రులలో శస్త్రచికిత్స పొందినవారినిగూర్చి 2002లో ప్రకటింపబడిన పరిశోధనమున, నర్సునకు ఒక్కొక్క రోగి అధికమైనకొలది నెలదినములలో మరణము సంభవించు నవకాశము నూటికి 7 వంతున హెచ్చుచున్నట్లు తేలినది.

మన దేశమున సుప్రీముకోర్టు 2016 జనవరి 29న ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల జీతములను విచారించుటకు ఒక సంఘమును నియమింపుమని కేంద్రప్రభుత్వమును ఆదేశించెను. 50 పడకలకు లోబడిన ఆసుపత్రులలో సైతము నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనియు, 200 పడకలకు మించినచోట ప్రభుత్వ నర్సుల జీతముతో సమానముగ నీయవలెననియు ఆ సంఘము సిఫారసు చేసెను. అమలుపరచు భారము రాష్ట్రములపై పడినది. కేరళ ప్రభుత్వము 2018లో 20,000 రూపాయలను కనీస వేతనముగ ప్రకటించెను.

సేవ పవిత్రమైనదని పొగడి, జీతము మాట యెత్తగనే ముఖము చిట్లించుట మనకు పరిపాటి. పొగడ్తతో పొయ్యి రాజునా? ఇంటిచాకిరికి వెల గట్టని లోకమే ఈ చాకిరికిని వెల తగ్గించుచున్నది. ఈ సంగతి స్త్రీలమైన మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

సోదరీమణులారా! మీరు ఆసుపత్రికి పోయినప్పుడు నర్సు చెప్పు మాటను చెవినిడుడు. ఆమె న్యాయమైన జీతము కోరినప్పుడు ఆమె పక్షమున నిలువుడు. రేపు మన బిడ్డ మంచముకడ మేలుకొని యుండవలసినది ఆ కన్నే గదా!