వెల్లకిలా పడి ఉంటే చచ్చినట్టు కాదు

పోస్ట్ పెద్దదే, ఓపిక ఉన్నప్పుడు చదవండి.

నేను తొమ్మిదో తరగతి అయిపోయి వేసవి సెలవులకు గూడేనికి పోయినప్పటి సంగతి. గాలివానకు ఒక ముసలి చెట్టు కొమ్మ విరిగి పడింది. దాని తొర్రలో అరచేయంత సాలెపురుగు వెల్లకిలా పడుకుని ఉంది, కాళ్లు చాపుకుని. "చచ్చిపోయిందిలే" అన్నాడు మా బావ. నేను ఊరుకోకుండా పుల్ల పెట్టి బయటికి లాగినా. ఒళ్లంతా మెత్తగా ఉంది. ఒక కాలు ఊడి వచ్చింది. కాసేపటికే చీమలు పట్టినాయి. మేం తేనె కోసం పోయినోళ్లం, దాన్ని అక్కడే వదిలేసి మా దారిన మేం పోయాం. కాళ్ల మీద నీలం మెరుపు మాత్రం గుర్తుండిపోయింది.

అది చావలేదు. కుబుసం విడుస్తోంది. చంపింది నేనే.

ఈ సంగతి నాకు డిగ్రీ రెండో ఏడులో తెలిసింది. జువాలజీలో ఆర్థ్రోపొడా పాఠం. ఇంటర్ దాకా తెలుగులో నిర్మోచనం అని బట్టీ పట్టిన మాటే, ఇంగ్లీషు మీడియంలో ఇంకో పేరుతో వచ్చింది. పాఠంలో ఉన్నది రెండు లైన్లే. మిగతాదంతా ఫోన్‌లో నేర్చుకున్నా. యూరప్, అమెరికాల్లో టరాన్‌టులాలను గాజుపెట్టెల్లో పెంచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కుబుసం విడిచేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా వీడియో తీసి పెడతారు. ఒకటి చూస్తుంటే సగంలోనే నా చేతిలో పుల్ల గుర్తొచ్చింది. ఆ రాత్రి మెస్‌కి పోలేదు.

వాళ్ల దగ్గర నేర్చుకున్నది చెప్తా. సాలెపురుగు పైతోలు గట్టిది, సాగదు. కాబట్టి అది పెరగాలంటే పాత తోలు వదలాల్సిందే. పిల్లగా ఉన్నప్పుడు నెలకో రెండు నెలలకో ఒకసారి వదులుతుంది, పెద్దదయ్యాక ఏడాదికోసారి, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. ముందు తిండి మానేస్తుంది, రంగు మాసిపోతుంది. తర్వాత పట్టుదారాలతో చాపలాగా అల్లుకుని దాని మీద వెల్లకిలా పడుకుంటుంది. వీపు మీది పెంకు మూతలా ఊడుతుంది, అందులోంచి ఎనిమిది కాళ్లనూ ఒక్కో చేతి తొడుగు విప్పినట్టు మెల్లగా లాక్కుంటుంది. గంటలు పడుతుంది. బయటికొచ్చాక కోరలు కూడా తెల్లగా, మెత్తగా ఉంటాయి. కొన్ని రోజులు ఏమీ తినలేదు. పెంచుకునేవాళ్లు ఆ టైంలో పెట్టెలో ఒక్క కీచురాయిని కూడా ఉంచరు, అది కొరికినా ప్రమాదమేనని. నేనేమో పుల్ల పెట్టినా.

చచ్చిన టరాన్‌టులా ఎలా ఉంటుందంటే, ఎక్కువగా బోర్లా ఉండి కాళ్లన్నీ కడుపు కిందికి ముడుచుకుని ఉంటుంది. వెల్లకిలా, కాళ్లు చాపుకుని ఉంటే అది పెరుగుతోందని లెక్క. ఈ ఒక్క ముక్క అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే చాలు.

మన అడవి సాలెపురుగుకి ప్రపంచమంతా పేరుంది, "గుత్తి" పేరుతో. 1899లో పోకాక్ అనే ఆయన దాని గురించి మొదట రాశాడు. ఆయనకు దొరికిన నమూనా గుత్తి రైల్వే కలప యార్డులోది. కలపతో పాటు రైలెక్కి వచ్చిందని అంటారు. తర్వాత వందేళ్లకు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ కనిపించింది. అంటే అడవి మనది, పేరు దుంగలు దించిన స్టేషన్‌ది. మన ఊళ్ల విషయంలో ఇది కొత్తేం కాదులెండి. ఐయూసీఎన్ 2008లో దీన్ని అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది. 2019లో ఈ జాతులన్నిటి అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ నియంత్రణ వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. పోయిన నెల మా గూడెం తమ్ముడొకడికి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. నీలం సాలెపురుగు ఎక్కడుందో చూపిస్తే డబ్బులిస్తామని, పట్టిస్తే ఇంకా ఎక్కువని. వాడు నన్నడిగాడు, "అన్నా, తేనె అమ్ముకుంటే తప్పు లేదు, గమ్ము అమ్ముకుంటే తప్పు లేదు, ఇదెందుకు తప్పు?"

నేను వెంటనే చెప్పలేకపోయా. స్కాలర్‌షిప్ రాని నెల ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. కానీ ఆలోచించి చెప్పా. అటవీ హక్కుల చట్టం 2006 మనకు తేనె, గమ్ము మీద హక్కు ఇచ్చింది, జంతువుల్ని వేటాడి పట్టే హక్కు ఇవ్వలేదు. పట్టుబడితే జైలుకి పోయేది వాడు, మెసేజ్ పెట్టినోడు కాదు. రెండోది, తేనెపట్టు మళ్లీ పెడుతుంది. ఆడ సాలెపురుగు పదేళ్లు దాటి బతికేది, పిల్లలు పెట్టేది. మగది మూడు నాలుగేళ్లకే పోతుంది. కొనేవాడు అడిగేది పెద్దదాన్ని, మెరిసేదాన్ని. అలాంటిది ఒకటి పట్టిస్తే అన్నేళ్లుగా విడిచిన కుబుసాలన్నీ ఒక డబ్బాలో పెట్టి అమ్మినట్టే.

పెంచుకునేవాళ్లందరూ దొంగలని నేననను. ఇప్పుడు వాళ్ల దగ్గర ఉన్నవాటిలో చాలావరకు పెట్టెల్లోనే పుట్టినవి. నాకు పాఠం చెప్పింది కూడా వాళ్లే. కానీ వాటి మొదటి తల్లి మన చెట్టు తొర్రలోదే కదా, తీసుకుపోయేటప్పుడు మనల్ని ఎవరడిగారు?

మీకు నా అభ్యర్థన. దసరాకి ఇంటికి పోయినప్పుడు తొర్ర దగ్గర కుబుసం ఊడిపడి కనిపిస్తే తెచ్చి మీ జువాలజీ సార్‌కి ఇవ్వండి. పురుగు అవసరం లేదు, ఆ తోలు నానబెట్టి విప్పితే ఆడదో మగదో కూడా తెలిసిపోతుంది. ప్రాణంతో కనిపిస్తే చేయి పెట్టకండి, కరిస్తే నొప్పి, కండరాలు పట్టేయడం రోజుల తరబడి ఉంటాయి. ఫోటో గ్రూప్‌లో పెడితే ఊరి పేరు, చెట్టు గుర్తు రాయకండి. మా తమ్ముడికి ఆ నంబర్ నుంచి మళ్లీ రెండుసార్లు ఫోన్ వచ్చిందట. ఇంతవరకైతే ఎత్తలేదు.